జీతం తీసుకుంటే అది సేవ కాదా?

మంచం పట్టిన ముసలివాళ్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు ఇంటికి వచ్చి సేవ చేసే ఆడవాళ్లను మనం ఆయమ్మ అని పిలుస్తాం. "ఆవిడది సేవ ఏమిటి, డబ్బు కోసం చేసే పని" అని చాలామంది అంటుంటారు. ఈ మాట న్యాయమేనా అని ఆలోచిద్దాం.

ముందు ఆ పని ఏమిటో చూద్దాం. బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో డాక్టర్లు రోగి ప్రాణం నిలబెట్టి ఇంటికి పంపిస్తారు. ఇంటివాళ్ల కష్టం అక్కడి నుంచి మొదలవుతుంది. కదలలేని మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు మీద పుండ్లు పడతాయి. కూర్చోబెట్టి నెమ్మదిగా తినిపించాలి, లేకపోతే పొలమారుతుంది. మలమూత్రాలు ఎత్తాలి. రాత్రి ఎన్నిసార్లు పిలిచినా లేవాలి.

మన గంజాం జిల్లా నుంచి వేలమంది సూరత్ పవర్‌లూమ్‌లలో పనికి పోతారు. కొడుకు అక్కడ పన్నెండు గంటలు నిలబడి సంపాదించిన డబ్బుతో ఇక్కడ తల్లికి ఆయమ్మను పెడతాడు. అతన్ని నేను తప్పు పట్టను. పిల్లలు కన్నవారికి తిండి, బట్ట, ఇల్లు, వైద్యం చూడాలని 2007లో చట్టం కూడా వచ్చింది. అతను చేతనైనంత చేస్తున్నాడు. కానీ డబ్బు పంపగానే బాకీ తీరిపోయిందని మాత్రం అనుకోకూడదు.

మాస్టారు జీతం తీసుకుంటే అది చదువు చెప్పడం కాదని ఎవరూ అనరు. డాక్టరుగారు ఫీజు తీసుకున్నా దండం పెడతాం. మరి ఆయమ్మకే ఈ మాట ఎందుకు? ఇదే పని ఇంట్లో అమ్మ, కోడలు డబ్బులు లేకుండా చేస్తారు కాబట్టి దానికి విలువే లేదనుకుంటున్నాం.

"ఎంతైనా పరాయి మనిషి కదా" అని ఇంకొందరు అంటారు. ముంబై కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ మీద 1973లో దాడి జరిగింది. ఆమె మళ్లీ కోలుకోలేదు. 2015లో చనిపోయేదాకా, సుమారు 42 ఏళ్లు, అక్కడి నర్సులే ఆమెను చూసుకున్నారు. వాళ్లూ జీతం తీసుకునేవాళ్లే. అయినా ఆమె తరఫున మాట్లాడవలసిన అసలు ఆప్తులు ఆ ఆసుపత్రి సిబ్బందే అని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది.

మా పిన్ని బరంపురంలో ఒక మామ్మగారి దగ్గర ఈ పనే చేస్తుంది. పదిహేను రోజులకొకసారి ఖల్లికోట వస్తుంది. "జీతం ఇవ్వకపోతే చేస్తావా పిన్నీ?" అని అడిగాను. "ఎలా చేస్తానురా, నా పిల్లలకు ఎవరు పెడతారు? కానీ రోజూ మామ్మకు జడ వేస్తాను చూడు, అది జీతంలో లేదు" అంది.

అందరు ఆయమ్మలూ ఇలాగే ఉంటారని నేను చెప్పను. విసుక్కునేవాళ్లు ఉన్నారు. విసుక్కునే కొడుకులు, కూతుళ్లు కూడా ఉన్నారు. అంటే దయ అనేది చుట్టరికం వల్ల రాదు, జీతం వల్ల పోదు. అది మనిషిలో ఉండాలి.

మనం జీతం ఇచ్చేది ఆమె కష్టానికి. ఆమె ఓర్పుకు ధర కట్టలేం. కాబట్టి జీతం తేదీకి ఇవ్వాలి. వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలి. వేరే గ్లాసు, వేరే కంచం పెట్టకూడదు. "డబ్బులిస్తున్నాం కదా" అనే మాట మన ఇళ్లలో మానేయాలి. మన అమ్మమ్మను, తాతయ్యను చూసుకునే చేతులకు మనం ఇవ్వవలసిన కనీస మర్యాద ఇది.