గోటి కింద రంగు

శరీరం అశాశ్వతం, దాని మీద మమకారం వద్దనేది మా నాన్నమ్మ. ఇరవై రెండేళ్లుగా వార్డులో నర్సుగా చేస్తున్న నాకు ఆ మాటలో సగమే నిజమనిపిస్తుంది.

డ్యూటీ ఎక్కగానే రోగి చేయి పట్టుకుంటాను. గోరు నొక్కి వదిలితే 2 సెకన్ల లోపు ఎరుపు తిరిగి రావాలి. గోరు చెంచాలా గుంటపడితే ఇనుము తగ్గిందేమోనని, వేలికొస ఉబ్బి గోరు వంగితే ఊపిరితిత్తుల్లోనో గుండెలోనో జబ్బుందేమోనని అనుమానం. గోరింటాకు పండిన గోళ్లయితే పెదవుల లోపల, కంటిరెప్ప కింద చూస్తాను. మంచాన పడ్డవాళ్ల నడుము దగ్గర, మడమల మీద కందిన చోట నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు సరిగా కనబడదు; వేడి, గట్టిదనం చేత్తోనే తెలుసుకోవాలి.

"ఎలాగూ కాలే కట్టె ఇది, ఎందుకు తల్లీ ఇంత శ్రమ?" అన్నారొక పెద్దాయన. పక్కకు తిప్పి పడుకోబెడుతూ ఆలోచించాను. ఆత్మకు పుండు పడదంటారు. మరి రాత్రంతా మూలిగేది ఎవరు? ఆ మూలుగు విన్నాక దేహం వేరు, మనిషి వేరు అనలేను.

"ఆరిపోతుందని తెలిసే కదా తాతయ్యా, దీపానికి చేయి అడ్డుపెడతాం" అన్నాను. ఆయన నా చేయి వదల్లేదు.