వాడుకుంటే మిగులుతుందా?

"వాడుకుంటేనే జాతి మిగులుతుంది." 2017 జనవరిలో జల్లికట్టు కోసం జనం వీధుల్లోకి వచ్చినప్పుడు మా ఆండిపట్టి టీ కొట్లలో తరచుగా వినబడిన మాట ఇది. 2014లో సుప్రీంకోర్టు ఆటను ఆపింది. ఆట లేకపోతే పుళికుళం కోడెను మేపేదెవరు, కసాయికే పోతుంది గదా అన్నారు. 2017లో రాష్ట్రం చట్టం చేసింది, 2023లో సుప్రీంకోర్టే దాన్ని నిలబెట్టింది. ఆ వాదంలో నిజముంది. రాజపాళయం కుక్క కూడా మనవాళ్ళు ఇండ్లలో పెంచబట్టే నిలిచింది.

ఇదే మాటను కొందరు చిలుకకూ, కౌజుకూ, అడవి కుందేలుకూ చెబుతారు. పెంచనివ్వండి, తిననివ్వండి, అప్పుడే జనానికి వాటిమీద మమకారం పుడుతుందని. వీటిని పట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఆ చట్టమే తప్పంటారు.

నేను బ్యాంకువాణ్ణి, ముందు ఖర్చు చూస్తాను. కోడెకు యజమాని ఉన్నాడు. దూడనాటి నుంచీ మేత అతనిదే. కౌజును పొదిగించి పెంచేవాడికి గింజల ఖర్చు, జబ్బుల నష్టం. చేలో ఉచ్చు వేసేవాడికి ఉచ్చు ఖర్చొక్కటే! సంతలో రెండూ ఒకే ధర పలికితే ఎవడు నిలుస్తాడో చెప్పనక్కరలేదు. పెంచిన పిట్ట పేరుమీద అడవి పిట్ట అమ్ముడుపోతుంది. గూట్లో చిలుకను ఎంత ముద్దుచేసినా చెట్టుతొర్రలో చిలుకకు ఒరిగేదేమిటో నాకు బోధపడదు.

వాడకమంతా చెడ్డదనను. అమెరికాలోని లూసియానాలో అల్లిగేటర్ గుడ్లు ఏరి పెంచేవారు పిల్లల్లో కొంత వాటాను తిరిగి బురదనేలల్లో వదలాలి. అక్కడ ఆ జాతి కోలుకున్నది. మన తమిళనాట ఇరుళర్లు ఒకప్పుడు పాముతోళ్ళు అమ్మి బతికారు. 1972 చట్టంతో ఆ బతుకు పోయింది. 1978లో చెంగల్పట్టు ప్రాంతంలో సహకార సంఘం పెట్టుకుని, పామును పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలే పద్ధతి తెచ్చుకున్నారు. అసలు ముట్టకుండా వడ్డీతో బతకడమంటే ఇదే. మా కొండకింద కుందేళ్ళలో అసలెంత, వడ్డీ ఎంత అని లెక్కకట్టేవారు ఎవరూ లేరు.

చిక్కల్లా చేలోకి వచ్చే జంతువుతోనే. కొండ దాటితే కేరళ. అక్కడ 2022 నుంచి పంచాయతీ అనుమతితో కాల్చిన అడవిపందిని పూడ్చిపెట్టాలే గాని వండుకోకూడదు. పంట పోగొట్టుకున్న రైతుకు అది వెక్కిరింతలాగే ఉంటుంది. అంత తిండి మట్టిపాలు కావడం నాకూ కష్టంగానే తోస్తుంది. అయినా ఆ మాంసానికి ధర కట్టిన మర్నాడు తుపాకి చేనుగట్టున ఆగదు, పందిని వెతుక్కుంటూ కొండెక్కుతుంది. రైతుకు పంటనష్టం డబ్బు కోతలలోపే చేతికందితే, పూడ్చమని చెప్పడానికి మనకు నోరుంటుంది.