వాడేం చేశాడట?

మా బస్తీలో పోలీసులు ఎవరినైనా పట్టుకెళ్తే ముందుగా వినపడే మాట ఒకటుంది. ‘ఉనే క్యా కరా?’ వాడేం చేశాడట? అడిగేది బయటివాళ్లు కాదు. మా అమ్మీ అడుగుతుంది. మసీదు మెట్ల మీద చెప్పులేసుకుంటూ పెద్దలు అడుగుతారు. నేనూ అడిగాను. వాడినేం చేశారు అని మాత్రం ఎవరం అడగం. ఈ రెండో ప్రశ్న ఎందుకు వెనకబడిందో తేల్చుకోకుండా మన ఉనికి గురించి ఎంత మాట్లాడుకున్నా అది సగం మాటే.

1959 మార్చి 3. కెన్యా అప్పటికి బ్రిటిష్ వలస. మౌమౌ తిరుగుబాటుదార్లంటూ హోలా శిబిరంలో నిర్బంధించిన వాళ్లను పనికి తోలారు. చెయ్యమన్నవాళ్లను కాపలాదార్లు కర్రలతో బాదారు. 11 మంది చచ్చిపోయారు. బండిలో తెచ్చిన నీళ్లు తాగాక చనిపోయారని సర్కారు మొదట ప్రకటించింది. మరణ విచారణలో దెబ్బలు బయటపడ్డాయి. లండన్ పార్లమెంటులో బార్బరా కాజిల్ వంటి ప్రతిపక్ష సభ్యులు వదలకుండా నిలదీశారు. చచ్చినవాళ్లు మనుషుల లెక్కలోకి రారన్న మాట కూడా ఆ వాదనల్లో దొర్లింది. జులై 27 అర్ధరాత్రి దాటాక ఈనాక్ పావెల్ లేచాడు. పాలకపక్షం సభ్యుడే. చచ్చినవాడు ఎలాంటివాడన్నది చంపినవాడి బాధ్యతను తగ్గించదన్నాడు. ఇంగ్లండులో ఒక కొలత, ఆఫ్రికాలో ఒక కొలత కుదరదన్నాడు.

ఇదే పావెల్ 1968లో వలసవచ్చినవాళ్ల మీద విషం కక్కాడు. అంతమాత్రాన ఆ రాత్రి అన్న మాట అబద్ధమైపోదు. న్యాయం అన్నది చెప్పినవాడి సొత్తు కాదు.

హోలా మనకు దూరమా? 1978 మార్చిలో హైదరాబాదులో రెండో ఆట సినిమా చూసి వస్తున్న ఒక ముస్లిం యువతిని నల్లకుంట పోలీస్ స్టేషనుకు తీసుకెళ్లారు. పోలీసులే ఆమెను చెరిచారనీ, రిక్షా తొక్కే ఆమె భర్తను కొట్టి చంపారనీ జస్టిస్ ముక్తదర్ కమిషన్ తేల్చింది. ఊరు భగ్గుమంది. మరి పోలీసుల తరఫు వాదన ఏమిటి? ఆమె శీలం ఎలాంటిది? ఆమె నిఖా అసలు నిఖాయేనా? కేసు కర్ణాటకకు మారింది. 1981లో రాయచూరు కోర్టు నిందితులను వదిలేసింది. అక్కడా మొదటి ప్రశ్నే గెలిచింది.

మన పార్లమెంటులోనూ లాకప్ మరణాల మీద ప్రశ్నలు పడతాయి. పోలీసు శాఖ రాష్ట్రాల జాబితాలోది అంటూ జవాబు మొదలవుతుంది. అంకెలతో ముగుస్తుంది. చిత్రహింసలకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ఒడంబడిక మీద మన దేశం 1997లో సంతకం చేసింది గానీ ధ్రువీకరించలేదు. 2010లో లోక్‌సభ ఆమోదించిన బిల్లు రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి వెళ్లి, చట్టం కాకుండానే పోయింది.

సర్కారును తిట్టడం తేలిక. మన సంగతి చూద్దాం. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక మన పిల్లల్నే పట్టుకెళ్లారు. ‘అమాయకుల్ని కొట్టారు’ అని గొంతెత్తాం. వాళ్ల మీద పెట్టిన కేసులు కోర్టులో నిలవలేదు కూడా. కానీ మన మాటలో ఒక ఒప్పుకోలు దాగుంది. అమాయకుడు కాకపోతే కొట్టొచ్చు! ఇక పోలీసు చెయ్యాల్సిందల్లా వాడు అమాయకుడు కాడని చెప్పడమే. ఆ లాఠీ మనం అందించిందే.

‘మంచి ముస్లిం’ పక్కన నిలబడే లౌకిక మిత్రులకూ ఇదే మనవి. మేం మంచివాళ్లమని రుజువు చేసుకున్నాకే మా ఒంటికి రక్షణ అంటే అది హక్కు కాదు, ఖైరాత్.

పేలుడులో కొడుకును పోగొట్టుకున్న తల్లి ముందు ఈ మాట అనగలవా అంటారు. కష్టమే. ఆమె కోపం న్యాయమైనదే. శిక్ష వెయ్యడానికి కోర్టుంది. కట్టేసినవాణ్ణి కొట్టి రాబట్టిన మాటతో ఆమెకు అసలు నేరస్థుడు దొరకడు, ఎవడో ఒకడు దొరుకుతాడు.

2013 జూన్ 6న అదే బ్రిటిష్ సభలో మంత్రి విలియం హేగ్ కెన్యా చిత్రహింసలకు విచారం ప్రకటించాడు. 5,228 మందికి పరిహారం ఒప్పుకున్నారు. 54 ఏళ్లు పట్టింది. అయినా సభలో ఎవరో ఒకరు సరైన ప్రశ్న అడిగి ఉంచారు.

మనం అసెంబ్లీలో లేం, పార్లమెంటులో లేం. మన సభ మన వాకిలే. అమ్మీ, ఈసారి ముందు వాడి ఒంటి మీద దెబ్బలున్నాయేమో అడుగు. వాడేం చేశాడో తర్వాత అడుగుదాం.