తెలియని ఎముక - తొందరపాటు సాక్ష్యం

బొగ్గు తీయాలంటే ముందు దాని మీదున్న మట్టిని, రాతిని తొలగించాలి. గోదావరిఖని చుట్టుపక్కల ఓపెన్‌కాస్ట్ గనుల్లో ఈ పని రేయింబవళ్ళు సాగుతుంది. ఆ మట్టిలో ఎప్పుడైనా ఒక భారీ ఎముక బయటపడితే 'ఇది రాక్షసుడిది' అని ఒకరు, 'ఇది ఆద్ జాతి వారిది' అని మరొకరు అనేస్తారు. తెలియని వస్తువుకు పేరు పెట్టడమంటే సాక్ష్యం చెప్పడమే. మరి ఆ సాక్ష్యానికి మన దగ్గరున్న ఆధారం ఏమిటి?

రామగుండం ప్రాంతంలోని మేడిపల్లి ఓపెన్‌కాస్ట్ గనిలో దొరికిన శిలాజాలు స్టెగోడాన్ అనే అంతరించిపోయిన ఏనుగు జాతివని గుర్తించారు. సింగరేణి సంస్థ వాటిని హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ సెంటర్‌కు అందజేసింది. ఏనుగు తొడ ఎముక ఒక్కటే దొరికితే, అది మహాకాయుడైన మనిషిదేమో అనిపిస్తుంది. అసలు సంగతి పళ్ళు చెబుతాయి. స్టెగోడాన్ దవడ పన్ను మీద ఇంటి కప్పు వాలులాంటి గట్లు వరుసగా ఉంటాయి. 'కప్పు పన్ను' అన్న అర్థంతోనే దానికి ఆ గ్రీకు పేరు వచ్చింది. అలాంటి పన్ను ఏ మనిషి నోటిలోనూ ఉండదు.

ఎముక దొరికిన చోటు కూడా ఒక సాక్షి. ఇక్కడి బొగ్గు వయసు 25 కోట్ల సంవత్సరాలకు పైమాటే. ఆ కాలపు రాళ్ళలో గ్లోసాప్టెరిస్ అనే చెట్టు ఆకుల ముద్రలు కనిపిస్తాయి. అప్పటికి భూమి మీద ఏనుగులు లేవు. ఏనుగు ఎముక రావలసింది ఎంతో కాలం తర్వాత పైన పేరుకున్న పొరల నుంచే. డంపరు దాన్ని తెచ్చి దిబ్బ మీద పోస్తే, అది ఏ పొరదో చెప్పే దారి మూసుకుపోతుంది. ముహద్దిసులు ఏ హదీసు విన్నా, మాట ఎంత అందంగా ఉన్నా, 'ఎవరి నుంచి విన్నావు?' అని అడిగేవారు. చోటు తెలియని ఎముక సనద్ లేని ఉల్లేఖనం లాంటిది.

ధర్మం మీది ప్రేమ కూడా మనిషిని పొరపాటులో పడవేయగలదు. స్విట్జర్లాండ్ వైద్యుడు షోయ్‌క్‌జర్ 1726లో రాతిలోని ఒక అస్థిపంజరాన్ని చూపి, ఇది హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం) కాలపు తుఫానులో మునిగిన మనిషిదని ప్రకటించాడు. ఆయన అబద్ధమాడలేదు. చూడాలనుకున్నదే చూశాడు. 1811లో ఫ్రెంచి శాస్త్రవేత్త కువ్యే ఆ రాతిని చెక్కి, లోపల దాగిన ముందు కాళ్ళను బయటపెట్టాడు. అది సాలమాండర్ అనే, తోక ఉన్న కప్పలాంటి జీవి. తుఫాను వృత్తాంతానికి దీనివల్ల వచ్చిన లోటేమీ లేదు. ఆ రాతిని దానికి రుజువుగా నిలబెట్టిన మాటే కూలిపోయింది.

మన కాలంలో జరిగినది ఇంతకన్నా బాధాకరం. సౌదీ ఎడారిలో ఆద్ జాతి వాని అస్థిపంజరం దొరికిందంటూ 2004లో ఒక ఫోటో ప్రచారమైంది. నిజానికి అది 2002లో ఒక పోటీ కోసం కంప్యూటర్ మీద అతికించి చేసిన బొమ్మ. అందులో కనిపించే తవ్వకం 2000లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, ఏనుగుకు దూరపు చుట్టమైన మాస్టోడాన్ కోసం జరిగినది. అదే బొమ్మను 2007లో మన దేశపు పత్రిక ఒకటి పురాణాల్లోని మహాకాయులకు ముడిపెట్టింది. ఒకే బొమ్మ ఇద్దరికీ రుజువైందంటే అది ఎవరికీ రుజువు కాదు.

'దీనివల్ల ఈమాన్ పెరిగితే నష్టమేమిటి?' అని కొందరు అడుగుతారు. నష్టం ఉంది. పిల్లవాడికి హజ్రత్ హూద్ (అలైహిస్సలాం) వృత్తాంతంతో పాటు ఈ బొమ్మనూ చూపిస్తాం. అది నకిలీ అని కాలేజీలో తెలిసిన రోజున వాడు బొమ్మను మాత్రమే పారేస్తాడా? చూపించిన తండ్రి మాటను, ఆ వృత్తాంతాన్ని కూడా అనుమానిస్తాడు. ప్రజలను పుణ్యకార్యాల వైపు మళ్ళించాలన్న ఉద్దేశంతో హదీసులు కల్పించిన వారిని సైతం ముహద్దిసులు అబద్ధీకులలోనే లెక్కగట్టారు. సత్యానికి అసత్యపు ఊతకర్ర అవసరం లేదు.

తెలియని దాని వెంట పోరాదన్నది బనీ ఇస్రాయీల్ సూరా 36వ ఆయత్ బోధన. కనుక గనిలో వింత ఎముక కనిపిస్తే పగలగొట్టకండి, ఇంటికి తేకండి. దొరికిన చోటు గుర్తుంచుకుని గని అధికారికి చెప్పండి. ఎవరిదని పిల్లలు అడిగితే, 'తెలియదు, తెలిసినవారిని అడుగుదాం' అనండి. ఇమామ్ మాలిక్ (రహ్మతుల్లాహి అలైహి) అంతటి పండితులే 'నాకు తెలియదు' అనడానికి సంకోచించలేదు. మనకెందుకు సంకోచం?