గుల్ల గోడలో జాతి ఉందా?

జాతి అనేది వస్తువులలోనే ఉందా, మన బుద్ధి కల్పించుకున్నదా? ఈ ప్రశ్న మీద నైయాయికులూ బౌద్ధులూ కొన్ని శతాబ్దాలపాటు తగువులాడుకున్నారు. మన అన్నంభట్టు తర్కసంగ్రహం చదువుకున్నవారికి న్యాయపక్షం తెలిసిందే: సామాన్యం నిత్యం, అది ఒక్కటే, అనేక వ్యక్తులలో సమవాయ సంబంధంతో ఉంటుంది. దిఙ్నాగుడు, ధర్మకీర్తి దీన్ని ఒప్పుకోలేదు. ఆవు అనే మాట ఆవు కానివాటిని తోసిపుచ్చుతుందే తప్ప, ఆవులన్నిటిలో గోత్వమనేది వేరే కూర్చుని లేదన్నారు. అటువాళ్లూ ఇటువాళ్లూ ఉదాహరణలకు ఆవునూ కుండనూ దాటి పెద్దగా వెళ్లలేదు. ఆవును చూసి ఇది ఏ జాతి అని తడుముకునేవాడు లేడు కాబట్టి అక్కడ ఈ తగువు తేలదు. జాతి నిర్ణయం నిజంగా కష్టమయ్యే చోట పెట్టి చూడాలి. ఫోరామినిఫెరా శిలాజాలు అలాంటి చోటు.

ఇవి ఏకకణ జీవులు, చాలామటుకు సముద్రంలో బతికేవి. చాలావాటి గుల్ల మిల్లీమీటరు కూడా ఉండదు. జీవి కుళ్లిపోయి గుల్ల మిగులుతుంది కనుక, శిలాజాల వర్గీకరణ అంటే గుల్లల వర్గీకరణే. చూడవలసినవి ముఖ్యంగా రెండు: గోడను దేనితో కట్టింది, అరలను ఏ వరసలో పేర్చింది. కొన్ని జీవులు సముద్రపు అడుగున దొరికిన ఇసుక రేణువులను ఏరి, తాము స్రవించే జిగురుతో అతికించుకుంటాయి. కొన్ని కాల్సైట్ సూదులను దిశ అంటూ లేకుండా కలగాపులగంగా పేరుస్తాయి. వెలుగు ఆ సూదుల మధ్య చెదిరిపోయి గుల్ల పింగాణీలా పాలతెలుపుగా కనిపిస్తుంది. మరికొన్నిటి గోడ గాజులా ఉంటుంది, నిండా సన్నటి రంధ్రాలు. పింగాణీ గోడ కట్టే క్వింక్వెలాక్యులైనాను చూడండి. ఒక్కో అరా సగం చుట్టు తిరిగే పొడుగాటి గొట్టం. కొత్త అర పాతదానికి 144 డిగ్రీల మలుపులో పడుతుంది. అందువల్ల ఎన్ని అరలు కట్టినా బయటికి కనిపించేవి అయిదే. గుల్లను అడ్డంగా కోసి, పలుచగా అరగదీసి మైక్రోస్కోప్ కింద పెడితేగాని లోపలి అరల సంగతి తెలియదు.

1826లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆల్సీడ్ దోర్బిన్యీ వీటికి పేరు పెట్టి, అరల వరసను బట్టి విభజించాడు. ఆయన దృష్టిలో ఇవి ఆక్టోపస్‌కు బంధువులు! 1835లో ఫెలిక్స్ డ్యుజార్డిన్ లోపల ఉన్నది అవయవాలు లేని జిగట పదార్థమేనని చూపించాడు. 1862లో ఇంగ్లండులో విలియం కార్పెంటర్ అరల వరసను నమ్మలేమనీ గోడే ప్రధానమనీ వాదించాడు. అంతటితో ఆగలేదు. ఇక్కడ ఒక రూపం మరో రూపంలోకి జారిపోతూ ఉంటుంది, మామూలు అర్థంలో జాతి అనేదే వీటికి చెల్లదేమో అన్నాడు. బౌద్ధపక్షానికి ఇంతకంటే మంచి సాక్షి దొరకడు. అయినా గోడ మాత్రం గద్దె దిగలేదు. 1964లో అమెరికాలో లోబ్లిక్, టాపన్ దంపతులు కూర్చిన మహాగ్రంథంలోనూ పెద్ద విభజనలకు అదే ఆధారం.

ఇక్కడ నాకు నైయాయికుడు ఉదయనాచార్యుడు గుర్తుకొస్తాడు. ఒక ధర్మం జాతి కాకుండా అడ్డుపడే బాధకాలు ఆరింటిని ఆయన కిరణావళిలో చెప్పాడు. వాటిలో ఒకటి సంకరం. రెండు ధర్మాలు ఒకచోట కలిసి ఉండి, వేరేచోట్ల ఒకదాన్ని విడిచి ఒకటి ఉంటే ఆ రెండిటినీ ఒకేసారి జాతులనలేం. ఉదాహరణకు భూతత్వం (పంచభూతాలలో ఒకటి కావడం), మూర్తత్వం (పరిమితమైన పరిమాణం ఉండటం): ఆకాశంలో భూతత్వం ఉంది, మూర్తత్వం లేదు. మనస్సులో మూర్తత్వం ఉంది, భూతత్వం లేదు. పృథివి మొదలైన నాలుగింటిలో రెండూ ఉన్నాయి. ఈ పరీక్షే గుల్లలకు పెడదాం. టెక్స్ట్యులేరియాకు ఇసుక గోడ, గుండ్రటి అరలు. క్వింక్వెలాక్యులైనాకు గొట్టపు అరలు, ఇసుక గోడ లేదు. అమ్మోడిస్కస్‌కు ఇసుక గోడా ఉంది, గొట్టమూ ఉంది. అచ్చమైన సంకరం. రెంటిలో ఒకటి తప్పుకోవాలి. 2013లో పావ్లోవ్‌స్కీ, హోల్జ్‌మన్, టిష్కా జన్యువుల ఆధారంతో ప్రతిపాదించిన వర్గీకరణలో తప్పుకున్నది గోడ. గొట్టపు అరలవి ఒక తరగతి, గుండ్రటి అరలవి మరొక తరగతి అయ్యాయి. ఇసుక గోడ రెంటిలోనూ కనిపిస్తుంది. గుల్లే లేని రెటిక్యులోమిక్సా అనే మంచినీటి జీవి కూడా ఈ కుటుంబానిదేనని జన్యువులు అప్పటికే తేల్చాయి.

నిజమైన జాతులు ఒకదానిలో ఒకటి ఇమడాలి, లేదా పూర్తిగా విడిగా ఉండాలి అన్నది ఉదయనుడి నియమానికి సారం. ఎందుకు అలా ఉండాలంటే న్యాయశాస్త్రంలో గట్టి జవాబు లేదు. నవ్యనైయాయికులలో కొందరు సంకరాన్ని దోషంగానే ఒప్పుకోలేదు. నా ఉద్దేశంలో, జీవుల విషయంలో ఆ జవాబు వంశంలో ఉంది. ఒక వంశం చీలి రెండైనప్పుడు, చీలిన ప్రతి శాఖా ఒకే మూలానికి చెందుతుంది, రెండు మూలాలకు చెందదు. జాతులు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉండటం ఈ చరిత్ర ఫలితమే.

ఇన్నిసార్లు మారిన వర్గీకరణ మనుషుల సౌకర్యం కాక మరేమిటని అడగవచ్చు. సౌకర్యమే కొలమానమైతే చాలా మార్పులు జరిగేవి కావు. నియోగ్లోబోక్వాడ్రినా పాకిడెర్మా అనే ఫోరామినిఫెరాలో ఎడమవైపు చుట్టుకున్న గుల్లలు ధ్రువాల చలినీటిలోవి, కుడివైపు చుట్టుకున్నవి అంతకంటే వెచ్చటి నీటిలోవి. ఒకే జాతి చలికి అలా తిరుగుతుందనుకుని, ఆ నిష్పత్తితో పాత సముద్రాల వేడిమిని లెక్కకట్టేవారు. పని చక్కగా నడిచేది. జన్యువులు చూస్తే అవి రెండు జాతులు. 2006లో రెండోదానికి ఇంకాంప్టా అని వేరే పేరు స్థిరపరిచారు. నమ్యులైటులనే ఫోరామినిఫెరాలో దీనికి తలకిందులుగా జరిగింది: రాళ్లలో పక్కపక్కనే దొరికే పెద్ద గుల్లకూ చిన్న గుల్లకూ రెండు పేర్లు పెట్టుకుంటే, అవి ఒకే జాతి తాలూకు రెండు తరాలని తేలింది. రెండుచోట్లా మన సౌకర్యానికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది వస్తువే.

జాతి ఉపయోగపడినంత మాత్రాన అది ఉందని కాదని ధర్మకీర్తి అంటాడు. తిప్పతీగ వంటి వేర్వేరు మూలికలు జ్వరం తగ్గిస్తాయి, వాటన్నిటిలో ఒకే సామాన్యం ఉండనక్కర్లేదు. మంచి వాదం. కానీ ఇక్కడ కలిసివస్తున్నది ఒక్క ఫలితం కాదు. రాజమహేంద్రవరం దగ్గరి క్వారీలలో రెండు బసాల్టు ప్రవాహాల నడుమ చిక్కిన సముద్రపు పొరలో, క్రిటేషియస్ ముగిసిన వెంటనే పుట్టిన తేలే ఫోరామినిఫెరా గుల్లలు దొరికాయి. గెర్టా కెల్లర్ బృందం 2008లో వాటిని బట్టే ఆ లావా వయసు నిర్ణయించింది. యూరప్, ఆఫ్రికా రాళ్లలో గుర్తించిన జాతులు గోదావరి తీరపు రాయి కాలం చెప్పగలిగాయంటే, ఆ పోలికల వెనుక ఒకే పుట్టుక ఉండాలి. అయితే ఆ పుట్టుక నైయాయికులు చెప్పిన నిత్యసామాన్యం కాదు. ఈ జాతులు ఒక కాలంలో పుట్టాయి, ఒక కాలంలో అంతరించాయి. జాతి సత్యమే, నిత్యం కాదు.

వంశం వల్ల జాతి సత్యమైతే కులానికీ ఆ గౌరవం ఇవ్వాలా? బ్రాహ్మణత్వం జాతి అని మీమాంసకుడు కుమారిలభట్టు వాదించాడు కనుక ఈ ప్రశ్నను దాటవేయలేం. ఇవ్వనక్కర్లేదు. పాకిడెర్మా, ఇంకాంప్టా మనం పేరు పెట్టకముందే లక్షల ఏళ్లుగా విడిపోయి ఉన్నాయి; వాటిని విడదీసి ఉంచడానికి ఎవరి కాపలా అక్కర్లేదు. కులాల మధ్య గోడ నిలబడాలంటే పెళ్లిళ్లను కాపలా కాయాలి. కాపలా కాస్తేగాని నిలవని భేదం వస్తువులో ఉన్నది కాదు.

చివరి ఆక్షేపణే బలమైనది: శిలాజంలో జన్యువు లేదు, అంతరించిన వాటి వంశం ఎలా తెలుస్తుంది? గుల్లను హేతువుగా చేసుకుని అనుమానం, అంటే తార్కికమైన ఊహ, చేయడమే మార్గం, హేతువు మోసం చేయగలదు కూడా. 1865లో డాసన్ అనే భూవిజ్ఞాని కెనడా ప్రాచీన శిలలలో ఈయోజోవాన్ అనే పెద్ద ఫోరామినిఫెరా దొరికిందన్నాడు. గోడల నిర్మాణంలో ఆరితేరిన కార్పెంటరే వంత పాడాడు. 1894 నాటికి అలాంటి పొరలే వెసూవియస్ అగ్నిపర్వతం విసిరిన రాళ్లలో కనిపించాయి. అది జీవే కాదు, వేడికి మారిన ఖనిజం. అందుకని దాదాపు 25 కోట్ల ఏళ్ల కిందట పూర్తిగా నశించిన ఫ్యూజులినిడ్లనే ఫోరామినిఫెరా ఏ శాఖవని అడిగితే గోడను చూసి గట్టిగా చెప్పేవాడిని నమ్మకండి. వాటికి ఒక వంశం ఉందన్నది నిశ్చయం, ఏ వంశమన్నది ఇంకా సంశయమే.