అమ్మవారి ముందు ‘మన’ ఎందుకు రాదు?

మీర్‌పేట్‌లో కిరాణా కొట్టుకు వెళ్తే ‘మన దగ్గర రేటు ఒక్కటే సార్’ అంటారు. కొట్టు మనది కాదు, లాభమూ మనది కాదు. అయినా ఆ ‘మన’ వినగానే కొనేవాడు సగం మెత్తబడతాడు. ఆషాఢం వచ్చిందంటే అదే కొట్టాయన పక్కింటాయనను ‘మన ఎల్లమ్మకు బోనం ఎప్పుడు?’ అని అడుగుతాడు. తీరా అమ్మవారి ఎదుట నిలబడ్డాక ‘మా పిల్లల్ని సల్లంగ సూడు తల్లీ’ అని మొక్కుతాడు. అక్కడ ‘మన పిల్లలు’ అనడు.

తల్లి మారలేదు, వినేవారు మారారు. ‘మనం’లో వినేవారికీ చోటుంది, ‘మేము’లో లేదు.

హిందీ ‘హమ్’కు, సంస్కృత ‘వయమ్’కు ఈ పట్టింపు లేదు. కన్నడం ఎప్పుడో వదిలేసుకుంది. మడగాస్కర్ నుంచి ఈస్టర్ దీవి దాకా పరుచుకున్న ఆస్ట్రోనేషియన్ భాషల్లో మాత్రం దాదాపు అంతటా ఉంది. మలయ్‌లో మనం ‘కితా’, మేము ‘కామి’. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన కౌలాలంపూర్‌లో, తెలుగు ఇళ్ల పిల్లలకు ఈ తేడా ఒకరు నేర్పాల్సిన పనిలేదు. ఏసు నేర్పిన ప్రార్థనకు మలయ్‌లో పేరే ‘బాపా కామి’, ఫిలిప్పీన్స్ తగలోగ్‌లో ‘అమా నామిన్’. రెండింటికీ అర్థం ‘మా తండ్రి’ అనే. తండ్రితోనే మాట్లాడుతూ ‘మన తండ్రి’ అంటే ఆయనకూ ఇంకో తండ్రి ఉన్నట్టే!

మొక్కేవాడూ మొక్కించుకునేవాడూ ఒకటే కదా, ‘మా’ ఎందుకని అద్వైతి అడగవచ్చు. కానీ ఇద్దరూ ఒకటైతే ‘మన’కూ చోటు లేదు, దానికీ వినేవాడొకడు కావాలి. వ్యాకరణం ఇక్కడ భక్తుడి పక్షమే.

బైబిలు అనువాదంలో అసలు చిక్కు పడవలో వచ్చింది. తుఫానులో ఏసు నిద్రపోతుంటే శిష్యులు చచ్చిపోతున్నామంటూ లేపుతారు. గ్రీకు మూలంలో ఉన్నది క్రియే, సర్వనామం లేదు. ‘కితా’ అని రాస్తే ఏసు కూడా మునుగుతాడు. ‘కామి’ అని రాస్తే ఆయనకేమీ కాదని శిష్యులకు ముందే తెలుసన్నమాట. మూలం తేల్చని సంగతి అనువాదకుడి మెడకు చుట్టుకుంది. పోనీ రెండూ తీసేద్దామంటే మలయ్ క్రియ చివర ఎవరన్నది తెలిపే ప్రత్యయం ఉండదు, మునిగేదెవరో తెలియదు.

తెలుగుకు ఆ వెసులుబాటుంది. ముందే తెలిసిన కర్తను తెలుగు మళ్లీ చెప్పదు, ‘పోతున్నాం’ అంటే ‘మేము’కూ సరిపోతుంది, ‘మనం’కూ సరిపోతుంది. పాత తెలుగు బైబిలు రెండు దారులూ తొక్కింది. మార్కు సువార్తలో ‘మేము’ అని రాసింది. లూకా సువార్తలో అదే కేకను సర్వనామం లేకుండా క్రియతోనే సరిపెట్టింది.