పలకల బండి – పనివాడి పేరు

అటక దులిపిన రోజున ప్రతి యింట్లోనూ ఒక తగువు తప్పదు. "పనికిరాని సామాను పారేద్దాం" అని ఆయన అంటారు. "పడి వుంటే నీ సొమ్మేం పోయిందిరా?" అని అత్తగారంటారు. మధ్యలో ఇల్లాలు! నిజానికి ఇది అటక తగువు కాదు, ధర్మం తగువు. పని అయిపోయిన వస్తువుకు మనమేమైనా బాకీ వున్నామా అని.

మన మార్కాపురం పలకల్లాగే బ్రిటన్‌లో వేల్స్ కొండల రాతిపలకలకూ పేరు. అవి ఎక్కువగా ఇళ్ళ కప్పులకు వెళ్ళేవి. 1836లో ఫెస్టినియోగ్ గనుల నుంచి రేవుదాకా రెండడుగుల వెడల్పయినా లేని పట్టాలు వేశారు. రాయి నింపిన బండ్లు తమ బరువుతోనే వాలుమీద దొర్లుకుంటూ దిగేవి. ఆవిరి ఇంజన్లు రాకముందు, వాటి వెనకాల ఒక బండిలో గుర్రాలు దర్జాగా ప్రయాణం చేసేవి! ఖాళీ బండ్లని మళ్ళీ కొండెక్కించడం వాటి వంతు మరి. 1946లో ఆ రైలు ఆగిపోయింది. అభిమానులు పూనుకుని, 1955లో మళ్ళీ కదిలించారు. ఆ పాత బండ్లని యిప్పటికీ తుడిచి, నూనె పెట్టి చూపిస్తారు. 2021లో ఆ పలకల సీమ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది కూడాను.

"కడుపు నిండినవాళ్ళ సరదా" అనేవారూ వుంటారు. అంత తేలిగ్గా తీసెయ్యలేం. కాని బండి మెరిస్తే సరిపోతుందా? ఆ రాయి కొట్టిన చేతుల మాటేమిటి? అక్కడి పెన్రిన్ గనిలో సంఘం హక్కుకోసం పనివారు 1900 నుంచి 1903 దాకా మూడేళ్ళు పస్తులున్నారు. రాతిధూళికి ఊపిరితిత్తులు చెడి, దావా వేద్దామంటే యజమానే లేకుండా పోయిన వారికి పరిహారమిచ్చే చట్టం 1979లో గాని రాలేదు.

అంతదూరం ఎందుకు? మన నెల్లూరు తీరం పొడుగునా బకింగ్‌హాం కాలువ వుంది. ఒకప్పుడు ఉప్పు, కట్టెలు పడవల మీద పోయేవి. మద్రాసులో కూవం, అడయారు నదుల్ని కలిపే భాగాన్ని 1877–78లో కరువు పాలయిన జనం పొట్టకూటికోసం తవ్వారు. పేరు మాత్రం గవర్నరు డ్యూకుగారిది! పడవలు పోయాక, యింకెందుకీ కాలువ అనుకున్నాం. 2004 డిసెంబరులో సునామీ వచ్చిననాడు ఆ కాలువే అలల ఉధృతిని కొంత మింగింది. ఏది పనికిరానిదో తేల్చెయ్యడానికి మనమెవరం?

కనుక దాచుకోవడం మంచిదే. కాని అది సగం ధర్మం. "ఇదేమిటమ్మా?" అని పిల్లవాడడిగితే "పాత సామానురా" అని వూరుకుంటే అది అలంకారమే. ఎవరు చేశారు, ఎవరు మోశారు, వాళ్ళకేం దక్కింది అని చెబితేనే బాకీలో కొంతయినా తీరుతుంది.

మీ పెరట్లో రుబ్బురోలు యింకా వుందా? అది ఎవరి చేతులమీదుగా అరిగిందో మీ పిల్లలకు చెప్పారా?